ముందు చేర్చండి, అక్కడే నేర్పండి: మేధో వైకల్యం ఉన్న యువతకు మన ఊళ్లో పని చూపించే విధానం

స్పెషల్ స్కూలు, స్పీచ్ థెరపీ, ఫిజియోథెరపీ అంటూ పద్దెనిమిదేళ్ల పాటు ఏదో ఒక వ్యాపకంతో గడిచిన రోజులు, స్కూలు వదిలిన మర్నాటి నుంచి ఒక్కసారిగా ఖాళీ అయిపోతాయి. గుంటూరులో స్పెషల్ ఎడ్యుకేటర్‌గా పనిచేస్తున్న నేను ఇళ్లకు వెళ్లినప్పుడు తరచుగా కనిపించేది ఇదే: ఇరవై రెండేళ్ల అబ్బాయి ఉదయం పది గంటలకు టీవీ ముందు కూర్చుని ఉంటాడు, తల్లి వంటింట్లో పని చేసుకుంటూనే మధ్యమధ్యలో తొంగి చూస్తూ, "వీడికి ఏ పని వస్తుంది మేడమ్, ఎవరు పెట్టుకుంటారు?" అని అడుగుతుంది. ఆ తల్లి అడిగినదానికి నాకు తెలిసినంతలో వివరంగా జవాబు చెప్పాలని ఇది రాస్తున్నాను. మేధో వైకల్యం, ఆటిజం, డౌన్ సిండ్రోమ్, సెరిబ్రల్ పాల్సీ ఉన్న యువతీ యువకుల తల్లిదండ్రులు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు దీన్ని తమ ఇంటి పరిస్థితికి తగినట్టుగా వాడుకోవచ్చు.

ముందుగా మా పొరపాటు చెప్పాలి. చాలాకాలం మేము "మొదట శిక్షణ, తర్వాత ఉద్యోగం" అనే పద్ధతినే పట్టుకుని వేలాడాం. కొవ్వొత్తులు పోయించాం, కాగితం కవర్లు అంటించాం, ఫినాయిల్ కలిపించాం. రెండేళ్లు, మూడేళ్లు గడిచినా పిల్లలు "శిక్షణలోనే" ఉండిపోయారు. ఎప్పుడో ఒకసారి ఎవరైనా దుకాణంలో చేరితే, మా దగ్గర చక్కగా చేసిన పనినే అక్కడ చేయలేక తిరిగి వచ్చేసేవారు. తప్పు పిల్లలది కాదు. ఒక చోట నేర్చుకున్న విషయాన్ని మరో చోట, మరో బల్ల మీద, మరో మనిషి ముందు అన్వయించుకోవడమే మేధో వైకల్యంలో అన్నిటికంటే కష్టమైన సంగతి. అందుకే 1980ల నుంచి ఇతర దేశాల్లో ఈ వరుసను తిరగేశారు: మొదట నిజమైన పనిచోట చేర్చుతారు, తర్వాత ఆ పనిని ఆ చోటే, ఆ పనిముట్లతోనే, పక్కన ఒక మనిషి నిలబడి నేర్పుతారు. ఆ పక్కన నిలబడే మనిషినే జాబ్ కోచ్ అంటారు. మన ఊళ్లలో ఆ పాత్రను స్పెషల్ టీచర్ పోషించవచ్చు, కాస్త తీరిక ఉన్న మేనమామ కూడా పోషించవచ్చు.

కాగితాల సంగతి

ఇది త్వరగా ముగించుకోవలసిన పని కనుక క్లుప్తంగానే చెబుతాను. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ లేకపోతే సచివాలయంలోనో మీసేవలోనో స్లాట్ బుక్ చేసుకుని క్యాంపుకు తీసుకువెళ్లండి. మేధో వైకల్యాన్ని నిర్ధారించేటప్పుడు ఐక్యూతో పాటు రోజువారీ పనులు ఎంతవరకు సొంతంగా చేసుకోగలరన్నది కూడా చూస్తారు కనుక, పరువు కోసం "అన్నీ వాడే చేసుకుంటాడండీ" అని చెప్పకుండా ఉన్నది ఉన్నట్టు చెప్పండి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం కింద రిజర్వేషన్ వంటివి దక్కాలంటే వైకల్యం కనీసం 40 శాతం ఉన్నట్టు సర్టిఫికెట్‌లో ఉండాలి. దేశమంతటా చెల్లే వైకల్య గుర్తింపు కార్డు (యూడీఐడీ) కూడా తీసుకోండి.

పద్దెనిమిదేళ్లు నిండితే చట్టం దృష్టిలో మీ బిడ్డ మేజర్. తన లావాదేవీలు తానే చూసుకోగలిగితే గార్డియన్ అవసరమే లేదు. చూసుకోలేని స్థితి అయితే 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ నేతృత్వంలో ఉండే స్థానిక స్థాయి కమిటీకి దరఖాస్తు చేసి చట్టబద్ధమైన గార్డియన్‌షిప్ పొందవచ్చు, ఆ పత్రంతో బ్యాంకులో ఖాతా తెరవవచ్చు. అదే ట్రస్టు నడిపే నిరామయ ఆరోగ్య బీమాలో ఏడాదికి 1 లక్ష రూపాయల వరకు వైద్య ఖర్చులకు రక్షణ ఉంటుంది. అందులో చేర్పించకుండా పనికి పంపవద్దు.

"పనికి వెళితే పెన్షను పోతుందేమో" అన్న భయం దాదాపు ప్రతి ఇంట్లోనూ వింటాను. 2024 జూలై నుంచి ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగుల పెన్షను నెలకు 6,000 రూపాయలయింది కనుక ఆ భయాన్ని తేలికగా తీసిపారేయలేం. ఇటువంటి పథకాల అర్హతలో కుటుంబ ఆదాయం, ప్రభుత్వ ఉద్యోగం వంటి షరతులు ఉంటాయి కాబట్టి, ఇరుగుపొరుగు చెప్పిన మాట పట్టుకుని ఆగిపోకుండా, మీ వార్డు సంక్షేమ కార్యదర్శి దగ్గరకు వెళ్లి, రాబోయే జీతం ఎంతో చెప్పి, స్పష్టంగా అడిగి తెలుసుకోండి.

ప్రభుత్వ ఉద్యోగాల విషయంలో ఒక మాట. 2016 చట్టం 34వ సెక్షన్ ప్రకారం దివ్యాంగులకు 4 శాతం రిజర్వేషన్ ఉంది. 1995 నాటి పాత చట్టంలో ఉద్యోగాల రిజర్వేషన్‌లో ఆటిజం, మేధో వైకల్యం ఉన్నవారి ఊసే లేదు, కొత్త చట్టంలో ఆటిజం, మేధో వైకల్యం, నేర్చుకోవడంలో ప్రత్యేక ఇబ్బందులు, మానసిక వ్యాధి, బహుళ వైకల్యం ఉన్నవారందరికీ కలిపి 1 శాతం ఇచ్చారు. దరఖాస్తు తప్పక చేయండి. కానీ రాత పరీక్షే గీటురాయిగా ఉన్నంతకాలం మన పిల్లల్లో ఎక్కువమందికి దారి ప్రైవేటు దుకాణాల్లో, హోటళ్లలో, ఆసుపత్రుల్లోనే దొరుకుతుందన్నది నా అభిప్రాయం.

రెండు వారాల నోటుపుస్తకం

పని వెతకడానికి ముందు రెండు వారాల పాటు మీ బిడ్డను కొత్తగా చూసినట్టు చూసి రాసుకోండి. ఎవరూ చెప్పకుండా తానే చేసే పని ఏది? కొందరు ఇంట్లోని చెప్పులన్నీ జతలుగా సర్దుతారు, కొందరు ఉతికిన బట్టలు అంచుకు అంచు కలిపి మడుస్తారు, కొందరు వచ్చినవారందరికీ మంచినీళ్లు తెచ్చి ఇస్తారు. కూర్చుని చేయడం ఇష్టమా, తిరుగుతూ చేయడం ఇష్టమా? ఎంతసేపటికి విసుగు వస్తుంది? మిక్సీ శబ్దానికి, ఫినాయిల్ వాసనకు, గుంపుకు ఎలా స్పందిస్తారు? దాహం వేసినా, బాత్రూముకు వెళ్లాలన్నా కొత్తవారితో చెప్పగలరా? ఈ చివరి ప్రశ్నకు "లేదు" అన్న జవాబు వస్తే, మిగతా ప్రయత్నాలతో పాటు ఈ ఒక్క విషయాన్ని వెంటనే నేర్పడం మొదలుపెట్టండి. మాటలు రానివారికి జేబులో పెట్టుకునే బొమ్మల కార్డు సరిపోతుంది.

ఆరోగ్యాన్ని కూడా ఇదే పుస్తకంలో రాయండి. ఫిట్స్ ఉన్నవారిని పొయ్యి దగ్గర, కటింగ్ మిషన్ దగ్గర, ఎత్తు మీద పనికి పెట్టకూడదు. డౌన్ సిండ్రోమ్ ఉన్నవారిలో దాదాపు సగం మందికి పుట్టుకతోనే గుండెలో ఏదో ఒక లోపం ఉంటుంది, కొందరికి మెడ పైభాగపు ఎముకల మధ్య పట్టు వదులుగా ఉంటుంది. అందువల్ల బరువులు, ముఖ్యంగా తల మీద బరువులు మోసే పనికి ఒప్పుకునే ముందు డాక్టరుకు చూపించడం తప్పనిసరి.

అన్నిటికంటే ముఖ్యంగా, బిడ్డ ఇష్టాన్ని అడగండి. మాటలతో అడిగితే చాలామంది మన ముఖం చూసి "సరే" అంటారు. కాబట్టి నాలుగైదు పనిచోట్లకు స్వయంగా తీసుకువెళ్లి, ఒక్కో చోట ఒక అరగంట నిలబడనిచ్చి, ఎక్కడ నిలకడగా ఉన్నారో, ఎక్కడ చెయ్యి పట్టుకుని బయటకు లాగారో గమనించండి. వారి జవాబు అందులోనే ఉంటుంది.

వీధిలో ఏ పని ఉంది

ఉద్యోగం అనగానే ప్రకటనలు చూడటం మొదలుపెడతాం. ప్రకటనలో వచ్చే ఉద్యోగం పది పనుల మూట, అందులో మూడు మన పిల్లలు బాగా చేస్తారు, ఏడు చేయలేరు. అందుకే మనం వెతకవలసింది ఖాళీ పోస్టును కాదు, రోజూ జరిగే, ఒకే తీరుగా ఉండే, మిగతా పనివారు విసుక్కునే ఒక ముక్క పనిని.

ఆ కళ్లతో చూస్తే గుంటూరు, విజయవాడ రెండు ఊళ్లలోనూ పని కనబడుతుంది. విజయవాడ వన్‌టౌన్‌లో వస్త్రలత వంటి హోల్‌సేల్ బట్టల సముదాయాల్లో బేరగాళ్లు విప్పి చూసిన చీరలను తిరిగి మడిచి రంగుల వారీగా పేర్చే పని పొద్దుగూకే వరకూ ఉంటుంది. ఆటోనగర్ అనగానే వెల్డింగు, లేతు మిషన్లు గుర్తొచ్చి భయపడతాం, ఆ షెడ్లకు పంపవద్దనే నేనూ అంటాను. అయితే అదే ఆటోనగర్‌లోని స్పేర్‌పార్టుల దుకాణాల్లో నట్లు, బోల్టులు, వాషర్లు సైజుల వారీగా డబ్బాల్లో వేసే పనికి ఆటిజం ఉన్న యువకుల చూపు ఎంతో బాగా పనికొస్తుంది. గొల్లపూడి హోల్‌సేల్ మార్కెట్లో, గుంటూరు పట్నం బజారులో పప్పులు, దినుసులు కవర్లలో నింపే పని ఉంది. గుంటూరు కొత్తపేటలో వరుసగా ఉన్న ఆసుపత్రుల్లో దుప్పట్లు మడవడం, ఓపీ ఫైళ్లు నంబర్ల వరుసలో పెట్టడం ఉన్నాయి. వీధి వీధికీ ఉన్న కర్రీ పాయింట్లలో సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది వరకు కూర కవర్లకు మూతి బిగించి ముడి వేసే మనిషి కోసం యజమానులు నిజంగానే వెతుక్కుంటూ ఉంటారు.

గుంటూరు మిర్చి యార్డు గురించి తరచుగా అడుగుతారు. వేలమందికి అన్నం పెడుతున్న చోటు అది, కాదనను. కానీ ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా బస్తాలు ముంచెత్తే రోజుల్లో ఆ ఘాటుకు అలవాటుపడినవారే దగ్గుతుంటారు. చర్మం మండుతోందని, కళ్లు మండుతున్నాయని చెప్పుకోలేని పిల్లలను తొడిమలు తీసే పనికి కూర్చోబెట్టడం నాకు సమ్మతం కాదు. యార్డుకు అనుబంధంగా ఉండే ఆఫీసుల్లో టీ అందించడం, చీటీలు కట్టలు కట్టడం వంటివి దొరికితే మాత్రం ఆలోచించవచ్చు.

యజమానితో మాట్లాడే తీరు

"మావాడికి ఏదో ఒక పని ఇప్పించండి బాబూ" అని మొదలుపెడితే, జాలిపడి నాలుగు రోజులు కూర్చోబెట్టి పంపించేస్తారు. తెలిసిన దుకాణానికే వెళ్లండి, రద్దీ లేని వేళలో వెళ్లండి, "మీ దగ్గర రోజూ మిగిలిపోతున్న పని ఏది?" అని అడగండి. జవాబు వచ్చాక, "ఆ ఒక్క పనికి మా అబ్బాయిని రెండు వారాలు చూడండి, నేర్పడానికి మేము పక్కనే ఉంటాం, మీ పనివారి సమయం వృథా కానివ్వం" అని చెప్పండి. పరిస్థితిని దాచవద్దు, అలాగని రోగాల చిట్టా కూడా విప్పవద్దు. "ఒకసారి ఒకే మాట చెబితే అర్థమవుతుంది, రెండు పనులు కలిపి చెబితే తికమకపడతాడు, చిన్నగా చెప్పండి, గట్టిగా అరిస్తే చేతులు వణుకుతాయి" అన్నంత చాలు.

యజమాని సందేహిస్తే నిజంగా జరిగిన ఉదాహరణలు చూపించండి. 2017లో హుబ్బళ్లిలో మొదలైన మిట్టీ కేఫ్‌ను మేధో, శారీరక వైకల్యాలు ఉన్నవారే నడుపుతున్నారు. 2023 నవంబరులో సుప్రీంకోర్టు ఆవరణలో కూడా దాని శాఖ తెరిచారు. పెద్ద షోరూములకు, సూపర్ మార్కెట్లకు వెళ్లినప్పుడు మరో మాట గుర్తుంచుకోండి: 20 మంది, అంతకు మించి పనిచేసే ప్రైవేటు సంస్థలు దివ్యాంగుల కోసం సమాన అవకాశాల విధానాన్ని రాసి ప్రకటించాలని 2017 నాటి నిబంధనలు చెబుతున్నాయి. ఆ విధానం చూపమని మర్యాదగా అడగడానికి మీకు హక్కు ఉంది.

పని నేర్పడం

ఒక అబ్బాయి సంగతి చెబుతాను. ఆటిజంతో పాటు మేధో వైకల్యం ఉన్న అతన్ని ఒక హోల్‌సేల్ కిరాణాలో కందిపప్పు అరకిలో కవర్లు నింపే పనికి పెట్టాం. డిజిటల్ కాటా మీద 500 అని రావాలని చూపించాం, అట్ట ముక్క మీద 500 అని పెద్దగా రాసి పక్కన పెట్టాం. మొదటి రోజు గంటన్నరలో మూడు కవర్లు నింపాడు. దగ్గరకు వెళ్లి చూస్తే, 502 వచ్చినప్పుడు గింజలు ఒక్కొక్కటిగా తీస్తున్నాడు, 498 కాగానే మళ్లీ ఒక్కొక్కటిగా వేస్తున్నాడు. మేము చెప్పినదాన్ని అక్షరాలా పాటిస్తున్నాడు. దుకాణం అయ్యగారు కాసేపు చూసి, అటక మీద నుంచి పాత ముల్లు కాటా దింపించారు. దాని పళ్లెం మీద తూకం సరిగ్గా ఉన్నప్పుడు ముల్లు ఎక్కడ ఆగుతుందో చూసి, ఆ చోట వేలెడంత పచ్చ టేపు అంటించాం. ముల్లు పచ్చలో ఆగితే కవరు పూర్తయినట్టు. చివరి తూకం డిజిటల్ కాటా మీద మరో పనివాడు చూసి సీలు వేసేవాడు. వారం తిరిగేసరికి అబ్బాయి గంటకు నలభై కవర్లకు చేరుకున్నాడు.

ఇక్కడ మారింది అబ్బాయి కాదు, కాటా. నేర్పేటప్పుడు ఎక్కడైనా ఆగిపోతే ముందుగా పనిముట్టును మార్చి చూడండి. లెక్క రాకపోతే పది గడులు గీసిన అట్ట ఇవ్వండి, గడులన్నీ నిండితే పది అయినట్టే. గడియారం రాకపోతే సెల్‌ఫోనులో భోజనానికి ఒక పాట, ఇంటికి వెళ్లడానికి మరో పాట అలారంగా పెట్టండి.

పనిని చిన్న చిన్న అంగలుగా విడగొట్టి కాగితం మీద రాసుకోవడం తర్వాతి మెట్టు. కూర కవరు కట్టడమే తీసుకుంటే: కవరు తీయడం, నోరు తెరవడం, గిన్నెలో నిలబెట్టడం, ఒక గరిటె వేయడం, పైభాగం మెలిపెట్టడం, దారం రెండు చుట్లు తిప్పడం, బిగించడం, ట్రేలో పెట్టడం. మీరు ఒకసారి స్వయంగా చేసి చూస్తేనే ఇన్ని అంగలున్నాయని తెలుస్తుంది. చాలామందికి వెనుక నుంచి నేర్పడం బాగా పనిచేస్తుంది: మొదట్లో మీరు అన్నీ చేసి చివరిదైన ట్రేలో పెట్టడం మాత్రం వారికి వదలండి, అది వచ్చాక బిగించడం కూడా వదలండి, అలా ముందుకు రండి. ప్రతిసారీ పూర్తయిన కవరు తన చేతుల మీదుగానే ట్రేలోకి వెళుతుంది కనుక ఆ సంతోషం మొదటి రోజు నుంచే దక్కుతుంది. 1970ల్లో అమెరికాలో మార్క్ గోల్డ్ అనే పరిశోధకుడు తీవ్రమైన మేధో వైకల్యం ఉన్నవారి చేత సైకిలు బ్రేకు విడిభాగాలను ఇలా అంగలుగా విడగొట్టే బిగింపజేసి చూపించాడు.

సాయం తగ్గించడం కూడా నేర్పడంలో భాగమే. మొదట చెయ్యి పట్టి చేయించినవారు తర్వాత వేలితో చూపించాలి, ఆ తర్వాత ఒక మాట, ఆపైన ఒక చూపు, చివరికి అదీ లేకుండా రెండడుగులు వెనక్కి జరగాలి. తల్లులకు ఇది చాలా కష్టం. బిడ్డ తడబడుతుంటే చెయ్యి ఆగదు. అందుకే పనిచోట నేర్పడానికి తల్లి కాకుండా మరొకరు ఉంటే మంచిదని నా అనుభవం. మీరు వెళ్లిపోయే ముందు, ఆ దుకాణంలోనే ఉండే ఒక పనివారిని అతనికి అన్నగానో అక్కగానో కుదర్చండి. దారం అయిపోయినా, కడుపునొప్పి వచ్చినా వెళ్లి చెప్పవలసిన మనిషి ఒకరే అయి ఉండాలి.

రాకపోకలు

పని నేర్చుకుని, వెళ్లిరావడం రాక మానేసినవారు ఎక్కువ. నడిచి వెళ్లగలిగే దూరంలో దొరికిన రెండు గంటల పని, రెండు బస్సులు మారవలసిన పూర్తి రోజు పని కంటే మేలు. బస్సు తప్పదంటే మొదటి వారం పక్కన కూర్చోండి, తర్వాత రెండు సీట్ల వెనుక కూర్చోండి, ఆపైన దిగవలసిన స్టాపులో ఎదురుచూడండి. షేర్ ఆటో కంటే బస్సు నయం, ఆగే చోటు మారదు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడపిల్లలకు ఆర్టీసీ సిటీ ఆర్డినరీ, పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టుకు డబ్బు కట్టనక్కరలేదు కనుక గుంటూరు, విజయవాడల మధ్య తిరగడానికి కూడా ఖర్చు అడ్డం కాదు. ఇంటి ఫోను నంబరున్న కార్డును చొక్కా లోపలి జేబులో పెట్టండి, మెడలో వేలాడదీయవద్దు. అది చిన్నపిల్లలకు చేసే ఏర్పాటు.

జీతం

ఒక యజమాని దగ్గర మేము నాలుగు నెలలు మోసపోయాం. అమ్మాయి రోజూ వెళ్లి బట్టలు మడిచేది, నెలాఖరున అడిగితే "మేమే కదా పని నేర్పుతున్నాం, మధ్యాహ్నం అన్నం కూడా పెడుతున్నాం" అనేవారు. మొదటి రోజే జీతం మాట కాగితం మీద పెట్టించకపోవడం నా తప్పు. ఆ అమ్మాయి తన తమ్ముడికి రాఖీ పండుగకు చొక్కా కొంటానని చెప్పుకుని, చివరికి కొనలేకపోయింది. అప్పటి నుంచి నేను పరీక్ష కాలానికైనా ఎంతో కొంత ముట్టనిదే ఎవరినీ పంపడం లేదు.

గంటలు తక్కువైతే జీతం తక్కువ కావచ్చు, ఒప్పుకోండి. కానీ కవరుకు ఇంత అని మిగతావారికి ఇచ్చే పీస్ రేటు మన పిల్లలకూ అంతే ఉండాలి. పనివేళలు, జీతం, సెలవు, ఎవరి కింద పనిచేస్తారన్నది ఒక కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం చేయండి. ఈఎస్‌ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) ఉన్న సంస్థ అయితే చేర్పించమని అడగండి, మామూలు ఉద్యోగులకు నెల జీతం 21,000 రూపాయల వరకే వర్తించే ఈఎస్‌ఐ దివ్యాంగులకు 25,000 వరకు వర్తిస్తుంది. జీతం బిడ్డ పేరున ఉన్న ఖాతాలోనే పడాలి. ఫోన్‌పే వాడగలిగితే దానికి వేరే చిన్న ఖాతా కలిపి, అందులో వందా రెండు వందలకు మించకుండా ఉంచండి. మొదటి జీతంలోంచి కొంతైనా తన ఇష్టానికి తానే ఖర్చు పెట్టుకోనివ్వండి.

గౌరవం, భద్రత

పనిచోట పేరు పెట్టి పిలవమని మొదటి రోజే చెప్పండి. "ఒరేయ్ పిచ్చోడా" అనే పిలుపు ఆటగానే మొదలై అలవాటుగా స్థిరపడుతుంది. నలుగురిలో ఉద్దేశపూర్వకంగా అవమానించడం 2016 చట్టం 92వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి ఐదేళ్ల వరకు జైలు శిక్ష పడే నేరం. ఎవరు తాకవచ్చు, ఎక్కడ తాకకూడదు, "వద్దు" అని ఎలా అరవాలి అన్నది ఇంట్లోనే బొమ్మలతో, నటించి చూపించి నేర్పండి. ఇది అమ్మాయిలకూ అబ్బాయిలకూ సమానంగా అవసరం. ఇంటికి వచ్చాక "ఈ రోజు ఏం జరిగింది?" అని అడిగితే జవాబు రాదు. "భోజనం ఎవరి పక్కన కూర్చుని తిన్నావు?" అని అడగండి. ఉన్నట్టుండి పనికి వెళ్లనని మొరాయించినా, నిద్ర చెడినా, దాన్ని మొండితనమని కొట్టిపారేయకుండా మర్నాడు చెప్పకుండా వెళ్లి చూడండి.

మొదటి పని నిలవకపోవచ్చు. యజమాని మారినా, నేర్పిన అన్న మానేసినా, దుకాణం సర్దుబాటు మారినా పిల్లలు తడబడతారు. అప్పుడు పాత అంగల కాగితం తీసి రెండు మూడు రోజులు మళ్లీ పక్కన నిలబడండి. మానేయవలసి వస్తే, ఎన్ని నెలలు చేశారో, ఏ పని చేశారో యజమాని చేత నాలుగు వాక్యాలు రాయించి తీసుకోండి, తర్వాతి దుకాణంలో అది సర్టిఫికెట్ కంటే ఎక్కువ పనికొస్తుంది. పని నిలిచినచోట ఆరు నెలలకొకసారి వెళ్లి, రెండో పని ఏదైనా కలపగలరేమో యజమానిని అడగండి. కందిపప్పు కవర్ల అబ్బాయికి ఇప్పుడు పెసరపప్పు, మినప్పప్పు కూడా అప్పగించారు, కాటా మీద అదే పచ్చ టేపు సరిపోతోంది. కిలో కవర్ల కోసం పసుపు టేపు కూడా అంటించమని పోయిన నెల అతనే అడిగాడు.